పెదవుల మీది ప్రశ్న

కరోనా తర్వాత కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, ఏప్రిల్ నెలలో, సిరిసిల్లలోని మా డిగ్రీ కాలేజీలో జరిగే ఇంగ్లీషు మౌఖిక పరీక్షకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. నా సర్వీసు కోరుట్లలో మొదలై, జగిత్యాలలో చాలాకాలం సాగి, చివరికి సిరిసిల్ల చేరింది. ఆ జూన్ ఆఖరుకు రిటైర్మెంటు. పెన్షన్ కాగితాలు అప్పటికే పై ఆఫీసుకు వెళ్ళాయి. ఆ స్థితిలో ఉన్న ఉద్యోగి మెట్లు దిగేటప్పుడు కూడా ఆచితూచి అడుగేస్తాడు. నేనైతే మొదటినుంచీ భయస్తుణ్ణే. సంతకం పెట్టేముందు కాగితాన్ని వెనక్కి తిప్పి, అటువైపు ఏమైనా ఉందేమోనని చూసే రకం. తోటి లెక్చరర్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాణ్ణి. అప్పటిదాకా ఒక్క మెమో కూడా రాకుండా నెట్టుకొచ్చానంటే ఆ భయం చలవే.

ఈ పరీక్ష సంగతి తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. ఇంటర్నల్ అంటే ఆ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరే. ఎక్స్‌టర్నల్ అంటే బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకులు. అభ్యర్థి ఒక చీటీ తీస్తే, ఆ నంబరు మీద ఉన్న ఇంగ్లీషు వ్యాసఖండం, అంతకుముందెప్పుడూ చూడనిది, చేతికిస్తారు. పక్కగదిలో కాసేపు చదువుకుని వచ్చి, అందులో ఏముందో, రచయిత ఏమంటున్నాడో మొదట వివరించాలి. దాన్ని ప్రెజెంటేషన్ అంటారు. తర్వాత ఎక్స్‌టర్నల్ దానిమీద ప్రశ్నలు వేస్తారు, కావాలనే అడ్డం మాట్లాడతారు. అభ్యర్థి తన మాట నిలబెట్టుకోవాలి. అది డిస్కషన్. రెండింటికీ మార్కులు వేరు, రెండింట్లోనూ పాస్ కావాలి.

ఇందులో ఇంటర్నల్ పని చాలా చిన్నది. పేరు పిలవాలి, హాల్‌టికెట్ చూడాలి, సంతకం తీసుకోవాలి, తర్వాత నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. నోరు విప్పితే ప్రాంప్టింగ్, అంటే జవాబు అందించడం. అది మాల్‌ప్రాక్టీస్ కింద లెక్క. అభ్యర్థిని డిబార్ చేస్తారు, అందించినవాడి మీద విచారణ వేస్తారు. విచారణ తేలేదాకా పెన్షన్ కదలదు. ఈ నిబంధన నేను ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు.

మా పిల్లలకు ఇంగ్లీషు రాదని అందరూ అంటారు. నా అనుభవంలో వాళ్ళకు రానిది మొదటి వాక్యం. నోరు తెరవడానికి ఒక వాక్యం దొరికితే మిగతాది తప్పోఒప్పో నడుస్తుంది. అందుకే బోర్డు మీద కొన్ని వాక్యాలు రాసి, పదేపదే అనిపించేవాణ్ణి. మొదలుపెట్టడానికి ‘ద టెక్స్ట్ డీల్స్ విత్’, అంటే ఈ రచన ఫలానా సంగతి గురించి అని. రచయిత ఉద్దేశం చెప్పడానికి ‘ద రైటర్ సీమ్స్ టు సజెస్ట్’. ఆధారం చూపించడానికి ‘దిస్ ఈజ్ క్లియర్ ఫ్రం ద లైన్’. అడిగింది సరిగ్గా అందిందో లేదో తేల్చుకోవడానికి ‘ఇఫ్ ఐ హావ్ అండర్‌స్టుడ్ యూ కరెక్ట్లీ’. పరీక్షకుల మాటను మర్యాదగా కాదనడానికి ‘ఐ సీ యువర్ పాయింట్, బట్’, మీరనేది అర్థమైంది గానీ, అని.

మొదటివన్నీ పిల్లలు బస్సులో వల్లించుకుంటూ వచ్చేవారు. చివరిది మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. పరీక్షకు వచ్చిన పెద్దమనిషిని ఎదురుగా కూర్చుని కాదనడమా! కోరుట్లలో ఉన్నప్పుడు మల్లాపూర్ కుర్రవాడొకణ్ణి ఎక్స్‌టర్నల్, పుస్తకాలు చదవడం వృథా కదా అని అడిగితే ఎస్ సార్ అన్నాడు. చదవడం చాలా అవసరం కదా అంటే దానికీ ఎస్ సారే. ఇంతకీ రెండింట్లో ఏదయ్యా అని అడిగేసరికి చేతులు జోడించి, “మీరు ఏదంటె గదే సార్” అన్నాడు. ఎక్స్‌టర్నల్ నవ్వి పాస్ చేశారు. అందరు ఎక్స్‌టర్నల్సూ నవ్వరు.

ఇక లావణ్య సంగతి. తంగళ్ళపల్లి నుంచి రోజూ వచ్చే అమ్మాయి, డిగ్రీ ఆఖరి సంవత్సరం. తండ్రి సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. తల్లి అదే షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. ఈ అమ్మాయి ఎప్పుడూ ముందు బెంచీలోనే కూర్చునేది, బాగా చదివేది, కానీ గొంతు మాత్రం గది దాటి వినిపించేది. కొందరు లెక్చరర్లకు అది పొగరుగా తోచేది. సాంచాల మోతలో పెరిగిన పిల్లలందరూ గట్టిగానే మాట్లాడతారు కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు.

కరోనా వచ్చి అందరం మాస్కులు కట్టుకున్నాక ఆమె జవాబులు ఒక్కసారిగా దెబ్బతిన్నాయి. నేను ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పేది. ఒకరోజు నీళ్ళు తాగడానికి మాస్కు కిందికి దించి, అలాగే ఒక ప్రశ్న వేశాను. తడుముకోకుండా జవాబు చెప్పింది. మాస్కు పైకి లాగి మరో ప్రశ్న వేశాను. నా కళ్ళలోకి చూస్తూ ఊరుకుంది. నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఇన్నాళ్ళుగా నా పాఠాన్ని చూస్తోంది.

సాంచాలు నడిచే షెడ్డులో మాట వినపడదు. అక్కడివాళ్ళు గొంతు వాడరు, పెదవులు మాత్రం కదిలిస్తారు. అవతలివాళ్ళు చూసి తెలుసుకుంటారు. మా అమ్మ కూడా కండెలు చుట్టిన మనిషే. అన్నం తిన్నావా, బడికి పోలేదేం, ఇవన్నీ నాతో పెదవులతోనే అడిగేది. ఆ మాటలు నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. లావణ్య తల్లిని పిలిపించి, మీ అమ్మాయికి వినికిడి తక్కువని మీకు తెలుసా అని అడిగాను. ఆవిడ నివ్వెరపోయింది.

“ఇంట్ల మేమందరం పెదువులతోనే మాట్లాడుకుంటం సారూ. దానికి ఇనవడ్తలేదని మాకెట్ల ఎరుకైతది?” అంది.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపుకు వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంటే, ప్రశ్నలు రాసి ఇమ్మని పరీక్షలో అడగడానికి ఒక ఆధారం ఉంటుందని తల్లీబిడ్డలకు చెప్పాను. తల్లి ఊగిసలాడింది. లావణ్య మాత్రం ఒప్పుకోలేదు. బీఎడ్ చేసి టీచరు కావాలని ఆమె ఆశ. చెవిటి టీచరును ఎవరు పెట్టుకుంటారని ఆమె భయం. “ఎవ్వలికి చెప్పకుండ్రి సార్. గా పేరు పడ్డదంటె ఇగ పోదు. ఈసారి పాస్ గాకపోతె కండెలకాడ కూసోవుడే అంటుండు మా నాయిన” అంది. అలా ఆ సంగతి మా ముగ్గురి మధ్యనే ఉండిపోయింది. నేను పాఠం చెప్పేటప్పుడు మాస్కు దించడం మొదలుపెట్టాను. అది కూడా భయంభయంగానే, ప్రిన్సిపాల్ అటు రాని వేళ చూసుకుని.

పరీక్ష రోజున ఎక్స్‌టర్నల్‌గా వచ్చింది జగిత్యాలకు చెందిన విజయలక్ష్మి మేడం. అంతకుముందు ఒకచోట జవాబులు అందిస్తున్నారని పరీక్షను మధ్యలో ఆపించి, రిపోర్టు రాసి వెళ్ళిన మనిషి. ముఖానికి దళసరి మాస్కు, దానిమీద ఇంకొకటి. రెండో వేవ్‌లో తమ్ముడు పోయాడని, అప్పటినుంచీ ఇంటి బయట మాస్కు తీయనని చెప్పి, టీ కూడా ముట్టకుండా పక్కన పెట్టేసింది.

లావణ్య గురించి ముందే ఒక మాట చెవిన వేద్దామని, పరీక్ష మొదలుకాకముందు ధైర్యం చేసి, “మేడం, ఒక అమ్మాయి ఉన్నది...” అన్నాను.

“పేర్లు చెప్పకుండ్రి సార్. ఎవరి గురించి నాకు ముందుగాల ఏం చెప్పద్దు” అని ఆవిడ చేయి అడ్డం పెట్టింది. సిఫారసు చేస్తున్నాననుకుంది. ఆమె స్థానంలో నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. కిటికీలు మూసి ఉన్నాయి. పక్క వీధిలో సాంచాల మోత గోడల్లోంచి సన్నగా వస్తోంది. పేర్లు పిలవాలి కాబట్టి నా మాస్కు గడ్డం కిందికి దించుకుని ఉన్నాను. లావణ్య వంతు రాగానే పిలిచాను. లోపలికి వచ్చి మేడం ముఖం చూసింది. ఆ రెండు మాస్కులు చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. పరీక్ష హాళ్ళలో భయపడ్డ పిల్లలను చాలామందిని చూశాను గానీ, అలా నెత్తురు చుక్క లేకుండా తెల్లబోయిన ముఖం ఎన్నడూ చూడలేదు.

ఆమెకు వచ్చిన వ్యాసఖండం చేతితో చేసిన వస్తువుల గొప్పతనం గురించి. మిషన్ మీద నేసిన బట్టలో మనిషి చేయి ఉండదని రచయిత వాదన. ప్రెజెంటేషన్ దివ్యంగా సాగింది. ‘ద టెక్స్ట్ డీల్స్ విత్’ అని అందుకుని, రచయిత మాటను మూడు ముక్కల్లో తేల్చి, ‘దిస్ ఈజ్ క్లియర్ ఫ్రం ద లైన్’ అంటూ పేరాలో వేలు పెట్టి చూపించింది. గొంతు ఎప్పటిలాగే పెద్దది. మేడం కనుబొమలు కొంచెం లేచాయి, కానీ పెన్ను మార్కులు వేస్తూనే ఉంది.

తర్వాత డిస్కషన్. మేడం మాస్కుల వెనకనుంచి మెల్లగా ఏదో అడిగింది. నాకు వినపడింది. రచయిత చెప్పింది నిజమే కదా, మిషన్ బట్టలో మనిషి ఎక్కడున్నాడు, అని. లావణ్య ‘ఇఫ్ ఐ హావ్ అండర్‌స్టుడ్ యూ కరెక్ట్లీ’ అని మొదలుపెట్టి ఆగింది. ఆ వాక్యం తర్వాత ప్రశ్నను తన మాటల్లో చెప్పాలి. చెప్పడానికి ఆమె దగ్గర ప్రశ్నే లేదు. మేడం మళ్ళీ అడిగింది, అంతే మెల్లగా. మేడం పెన్ను కాగితం మీదికి వంగింది. ఆ పెన్ను సున్నా వేస్తుందని నాకు తెలుసు.

లావణ్య చూపు పక్కకు తిరిగి నా ముఖం మీద ఆగింది. నా పెదవులు కదిలాయి. నేను నిర్ణయించుకుని చేసిన పని కాదది. షెడ్డులో మా అమ్మ అడిగినట్టే, చప్పుడు లేకుండా, మేడం ప్రశ్నను ఉన్నదున్నట్టు అన్నాను. ఒక్క మాట కలపలేదు. కలపలేదు గానీ, నోరు కదలడం కదిలింది కదా.

లావణ్య నిటారుగా కూర్చుంది. “ఐ సీ యువర్ పాయింట్, మేడం, బట్” అని అందుకుంది. ఏ బ్యాచ్‌లోనూ ఎవరి నోటా రాని ఆ వాక్యం ఆ గదిలో గట్టిగా మోగింది. దారం తెగితే మిషన్‌కు ముడి వేయడం రాదని, వేసేది తన తండ్రి చేయి అని, ఆ చేయి లేకపోతే బట్టే లేదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. మేడం రెండో ప్రశ్న వేసింది. అలాగైతే కొనేవాళ్ళు చేనేతకే ఎక్కువ ధర ఎందుకు ఇస్తారు? మళ్ళీ ఆ చూపు నావైపు వచ్చింది. మళ్ళీ నా పెదవులు కదిలాయి. చేనేత గురించి చెప్పేవాళ్ళున్నారు, మా గురించి చెప్పేవాళ్ళు లేరు, అంది లావణ్య.

మేడం పెన్ను కింద పెట్టింది. మెల్లగా నావైపు తిరిగింది. నా నోరు అప్పటికి మూసుకుంది గానీ, ఆవిడ చూడాల్సింది చూసేసింది.

“ఏం నడుస్తున్నది సార్ ఇక్కడ?” అని అడిగింది. బ్యాగులోంచి మాల్‌ప్రాక్టీస్ ఫారం తీసి బల్లమీద పెట్టింది. నేను చెప్పబోయాను. నాకు కనిపించింది ఒక్కటే, విచారణ తేలేదాకా అనే ఆ వాక్యం. నిజం చెబితే ఆ పిల్ల దాచమన్నది బయటపడుతుంది. చెప్పకపోతే ఆమె డిబార్ అవుతుంది, నేను పోతాను. ఇంత భయం నా ఉద్యోగంలో ఎన్నడూ పడలేదు.

లావణ్యకు మేడం మాట వినపడలేదు. కానీ ఆ ఫారం కనపడింది, నా ముఖం కనపడింది. లేచి నిలబడింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

“ఇఫ్ ఐ హావ్ అండర్‌స్టుడ్ యూ కరెక్ట్లీ, మేడం, యూ థింక్ సార్ గేవ్ మి ద ఆన్సర్స్. ఐ సీ యువర్ పాయింట్, బట్ హీ గేవ్ మి ఓన్లీ ద క్వశ్చన్స్.” సార్ నాకు జవాబులు ఇచ్చారనుకుంటున్నారు, ఆయన ఇచ్చింది ప్రశ్నలు మాత్రమే, అని.

తర్వాత ఇంగ్లీషు అయిపోయినట్టుంది. “నాకు ఇనవడది మేడం. మీ పెదువులు కానస్తలెవ్వు. గందుకే సార్ పెదువులు చూసి సమజ్ చేసుకున్న. గంతే” అంది. ఇంతకాలం దాచుకున్న మాట అలా తానే చెప్పేసింది.

మేడం నన్ను బయటికి వెళ్ళమంది.

వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంటికి ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని కాసేపు, ఏమని చెప్పాలా అని కాసేపు. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. కిటికీ రెక్కలు తెరిచిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. మేడం ప్రశ్న ఒక్కటీ నాకు వినపడలేదు. ఉన్నట్టుండి తలుపు దాటి, వరండా దాటి లావణ్య గొంతు వినిపించింది. “ఐ సీ యువర్ పాయింట్, మేడం, బట్...” అంటే ప్రశ్న అందిందన్నమాట. నేను లేకుండా అందింది. కిటికీ పక్కన, అంత దూరంలో కూర్చుని మేడం రెండు మాస్కులూ తీసేసిందని, తీసేముందు కుర్చీని మరో అడుగు వెనక్కి జరుపుకుందని లావణ్య నాకు తర్వాత చెప్పింది. ఆ గదిలో భయపడని మనిషి ఒక్కరూ లేరు.

సాయంత్రం మార్కుల కవరు సీలు చేశాక, మేడం తాను రాసిన రిపోర్టు నాకు చూపించింది. మాల్‌ప్రాక్టీస్ ఫారం కాదు, మామూలు రిమార్కుల కాగితం. అభ్యర్థికి వినికిడి లోపం ఉందని, మొదటి రెండు ప్రశ్నలను ఇంటర్నల్ పెదవులతో తెలియజేశారని, ఆయన్ను బయటికి పంపి తిరిగి పరీక్షించానని, జవాబులు అభ్యర్థి సొంతమేనని రాసింది. నా గురించిన ఆ ఒక్క వాక్యం లేకుండా కుదరదా అని అడిగాను. సిగ్గుపడకుండా అడిగాను, ఎందుకంటే భయం అంతకన్నా పెద్దది.

“రాయకుంటే రేపు ఎవరన్న అడిగిన్నాడు ఇద్దరం దొంగలమైతం సార్. రాస్తే మీకొక్కరికే మెమో” అంది. నవ్విందో లేదో మాస్కు వెనక నాకు తెలియలేదు.

మెమో మే నెలలో వచ్చింది. మాట్లాడకూడని చోట పెదవులు కదిలించినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. జూన్ దాకా పోస్టు వచ్చే వేళకు గేటు దగ్గరే తిరిగాను. చివరికి హెచ్చరికతో సరిపెట్టారు. లావణ్య రెండు భాగాల్లోనూ పాసైంది. దాచుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి తల్లిని వెంటబెట్టుకుని సదరం క్యాంపుకు వెళ్ళింది. తర్వాత బీఎడ్‌లో చేరింది. టీచరుగా ఎవరైనా పెట్టుకుంటారా అన్న ఆమె భయం మాత్రం ఇంకా అలాగే ఉంది. అది అబద్ధపు భయమని నేనూ చెప్పలేను.

రిటైరయ్యాక ఒకటి రెండుసార్లు కొత్త లెక్చరర్లకు ఈ పరీక్ష గురించి చెప్పమని జగిత్యాలకు పిలిచారు. అభ్యర్థికి పనికొచ్చే వాక్యాలన్నీ చెప్పి, పరీక్షకుల కోసం ఒకటి కలిపాను. మొదలుపెట్టేముందు, నా మాట మీకు అందుతోందా అని అడిగి, జవాబు విన్నాకే తర్వాతి మాట అనాలి. జవాబు చెప్పడం అభ్యర్థి పని. ప్రశ్న అవతలి మనిషికి చేరేలా చూడటం పరీక్షకుల పని. అది జరగనిచోట వేసిన మార్కులకు అర్థం లేదు. ఈ మాట నేను నిబంధనల్లో చదివి నేర్చుకోలేదు. నా సర్వీసు మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క మెమో, ప్రశ్న అందించినందుకు వచ్చింది.